ముందెవరు మూలగాలి?

"సూది వద్దంటే వద్దు. నాకేం నొప్పి ల్యా," అన్నాడు దేవేంద్రప్ప.

దవడ మీది రాచపుండుకు కట్టు కట్టి ఉంది. కళ్ళల్లోంచి నీళ్ళు వాటంతట అవే కారుతున్నాయి. మంచం పట్టె పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. అయినా నొప్పి లేదట!

నర్సు కృపమణి సూదిని పళ్ళెంలో పెట్టేసి, ఆయన భార్య భీమక్క వైపు చూసింది.

"నొప్పి తగ్గితేనే గంజి దిగుతాది, నిద్ర పడతాది. ఒంట్లో సత్తువ ఉంటేనే ఆపరేషన్ చేస్తామంటాండారు డాక్టరుగారు. ఇట్లనే ఉంటే ఇంటికి పిల్చకపొమ్మంటారు."

ఇంటికి తీసుకుపొమ్మనడమంటే ఏమిటో భీమక్కకు తెలుసు.

కృపమణి పళ్ళెం తీసుకుని పక్కనున్న తెల్లగుడ్డ తెర వెనక్కి వెళ్ళింది. అక్కడి మంచం చిన్న ఈరన్నది. ఆయనకు తొడ మీద అదే జబ్బు. ఆంధ్ర రాష్ట్ర రాజధాని వచ్చి కర్నూలు ఇంత పెద్దదయినా, ఒకే ఊరి రెండు పార్టీల వాళ్ళు పక్కపక్క మంచాల్లోనే పడాలని రాసిపెట్టి ఉంది. ఊళ్ళో ఒకరి వాకిలి ఒకరు తొక్కరు.

దేవేంద్రప్ప చెవి అటే పెట్టాడు.

"వానికి కట్టు మార్చేకి పోయిందా?"

"పోయింది."

"మూలిగినాడా?"

"ల్యా."

"సూసినావా! పుండు కడుగుతాంటే గూడా కిక్కురుమనల్యా. వాడే ఓర్చుకుంటాంటే నేను సూది ఏపిచ్చుకోవల్లనా? రేపు చావిడి కాడ నన్ను ఆడదానికన్నా కనాకష్టం అంటారు."

"ఆడదాని ఓర్పు సంగతి నీకేం తెల్సులే," అంది భీమక్క కళ్ళు తుడుచుకుంటూ.

"వాడు మూలిగిన దినం సూద్దాం," అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు. పంటి బిగువున ఓర్చుకుందామంటే ఆ పళ్ళున్న దవడే పుండాయె.

మధ్యాహ్నం దేవేంద్రప్పను ఎక్స్‌రే తీయడానికి తోపుడు బండి మీద తీసుకుపోయారు. భీమక్క అటూ ఇటూ చూసి తెర జరిపింది. ఈరన్న మంచం మీద కూర్చుని సంగటి తింటున్నాడు. అంత జబ్బులోనూ ఆ నిబ్బరం చూసి ఆమెకు దిగులు ఇంకా ఎక్కువైంది.

"ఏమ్మా, ఇట్లొచ్చినావు?" అన్నాడాయన బిత్తరపోయి.

"నీకు చెయ్యెత్తి మొక్కుతానన్నా. ఒక్కసారి మూలుగు. ఆయప్ప చెవిన పడేటట్ల మూలుగు. నువ్వు మూలిగితే గానీ ఆయప్ప సూది ఏపిచ్చుకోడు. ఏపిచ్చుకోకుంటే నా బొట్టు దక్కదు."

ఈరన్న చేతిలో ముద్ద గిన్నెలో పెట్టేశాడు.

"దేవేంద్రప్ప ఇనేటట్ల నేను మూలగల్లనా? ఊళ్ళో నా మర్యాద ఏం గావల్లమ్మా?"

భీమక్క కొంగు నోట్లో కుక్కుకుని ఇవతలికి వచ్చేసింది.

సాయంత్రం కృపమణి మళ్ళీ పళ్ళెంతో తెర వెనక్కి పోయింది. పోయిన కాసేపటికే వార్డంతా అదిరిపడింది.

"అయ్యో... నా తల్లో! సచ్చిపోతాండానే! ఓర్చుకోల్యాక పోతాండా, సూది ఏయమ్మా, నీ కాళ్ళు మొక్కుతా!"

కృపమణి చేతిలోని పళ్ళెం కింద పడ్డ చప్పుడు కూడా వినిపించింది.

దేవేంద్రప్ప కళ్ళు మెరిశాయి.

"ఇన్యావా? వాడే! ముందు వాడే మూలిగినాడు!"

ఆ మాట అన్నాక ఇక ఆగలేకపోయాడు. ఇన్నాళ్ళుగా బిగబట్టిందంతా ఒక్కసారి తెగి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "సిస్టరమ్మా, నాకూ ఏయి తల్లీ," అని చెయ్యి చాపాడు.

సూది పడింది. కాసేపటికి చేతి వణుకు ఆగింది. గ్లాసెడు గంజి దిగింది. తర్వాత ఆయన గురకపెట్టి నిద్రపోయాడు. ఎన్నాళ్ళకో ఆ గురక విని భీమక్కకు ఏడుపొచ్చింది.

ఆమె తెర జరిపి, నేరుగా ఈరన్న కాళ్ళ మీద పడింది.

"నా కోసం మర్యాద పోగొట్టుకుంటివి గదన్నా! అంత నొప్పి ఇన్ని దినాలు ఎట్ల ఓర్చుకున్యావో!"

"మెల్లగా మాట్లాడు, మీ ఆయన లేస్తాడు," అన్నాడు ఈరన్న. తెర వైపు ఒకసారి చూసి, తల వంచుకున్నాడు.

"ఓర్చుకునింది యాడిదమ్మా! మీకు చెప్పొద్దని సిస్టరమ్మ చేత ఒట్టు ఏపిచ్చుకోని, ఈడికొచ్చినప్పట్నుంచీ పొద్దూ మాపూ నేను ఆ సూదే ఏపిచ్చుకుంటాండా."