బాయిలరు ఆరే వేళ

"చెయ్యి తీయండి" అంది నైరీ.

ముసలాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అది ఇంజను పొగగొట్టానికి బెత్తెడు దూరంలో ఉంది.

"కాలుతుందనా?" అన్నాడు.

"కాదు. అది మాది కనక."

ఆయన తల ఊపి కంచె దగ్గరికి జరిగాడు.

ఇన్వర్‌కార్గిల్ ఊరి పార్కులో పిల్లల్ని తిప్పే ఆదివారం చిన్న రైళ్లు అయిపోయాయి. పిల్లలు ఇళ్లకు పోయారు. ఆ రైళ్లు నడిపే క్లబ్బు సభ్యులు మోకాలెత్తు ఆవిరి ఇంజన్లను షెడ్డు ముందు బల్లల మీదికి ఎక్కించి బాయిలర్లు ఖాళీ చేస్తున్నారు.

ఆ పని వేడి మీదే జరగాలి. లోపల ఆవిరి కాస్త మిగిలి ఉండగా అడుగు వాల్వు తిప్పితే నీళ్లు వాటంతట అవే తన్నుకొచ్చేస్తాయి. పై మూత విప్పి వదిలేస్తే, మిగిలిన తడిని బాయిలరు తన వేడితో తానే ఆరబెట్టుకుంటుంది. నీళ్లు ఉండిపోతే ఆ ఊరి చలికి గడ్డకట్టి బాయిలరు రాగి పగులుతుంది.

నైరీ భర్త ఈవన్ పోయిన చలికాలంలో చనిపోయాడు. అప్పటినుంచి ఇంజను ఆమే నడుపుతోంది. నీళ్లు వదిలాక మూత విప్పి, ఆ రంధ్రం మీద అరచెయ్యి పెట్టి నిలబడుతుంది. లోపలి గాలి చేతికి తగులుతుంది. మొదట తడిగా, తర్వాత పొడిగా. చెమ్మ పోయేదాకా చెయ్యి తీయదు.

వారంలో ఈవన్ దగ్గరున్నట్టు ఆమెకు అనిపించేది ఆ కాసేపే. అక్కడ ఇంకొకరి చెయ్యి పడనివ్వదు.

"మళ్లీ వచ్చాడా నీ స్నేహితుడు?" అన్నాడు క్లబ్బు కార్యదర్శి డగల్, చీజ్ రోల్ నములుతూ.

"స్నేహితుడేంటి నీ మొహం. పేరు కూడా తెలీదు."

"వసంతంలో మొదలెట్టాడు. రైలెక్కడు. టీ తాగడు. సరిగ్గా నువ్వు నీళ్లు వదిలే టైముకి ఊడిపడతాడు. ఉత్తరాన ఏదో క్లబ్బులో ఇంజను ఎవరో ఎత్తుకుపోయారట. అంతకుముందు ఇలాగే ఒకడు వచ్చి చూసిపోయేవాడట."

"ఈయన కర్ర లేకుండా నిలబడలేడు. దీన్నెత్తాలంటే నలుగురు కావాలి."

"మనవలుంటారుగా."

నైరీ నవ్వింది. కాని ఆ మాట మనసులో ఉండిపోయింది.

తర్వాతి ఆదివారం ముసలాయన బల్ల దాకా వచ్చాడు. ఆమె వాల్వు తిప్పింది. నీళ్లు బుస్సుమని కంకర మీద పడ్డాయి. ఆవిరి తగ్గింది.

"ఎవరు చేశారు దీన్ని?" అన్నాడు ఆయన.

"మా ఆయన. మా పెళ్లి నాటికే అయిపోయింది."

"మొత్తం ఆయనేనా?"

"ఇంకెవరు? గరాజంతా పనిముట్లే."

ముసలాయన ఇంజనును ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూశాడు.

"బాగా చేశాడు" అన్నాడు.

ఆమె మూత విప్పి అరచెయ్యి పెట్టింది.

"ఒక్కసారి నన్ను పెట్టనిస్తారా, చెయ్యి?"

"ఎందుకు?"

"ఆరిందో లేదో చూస్తాను."

"దానికి నేనున్నాను."

"ఉన్నారు. చూస్తూనే ఉన్నాను. అయినా ఒక్కసారి."

అంతలో డగల్ వచ్చేశాడు. "పెద్దాయనా, ఇక్కడ ఒకరి ఇంజను మీద ఇంకొకరు చెయ్యి వెయ్యరు. మాలో మేమే వెయ్యం. గేటు అటుంది."

ముసలాయన నైరీ వంక చూశాడు. ఆమె ఉండమంటే ఉండేవాడు. ఆమె అనలేదు.

"నాదే పొరపాటు" అని టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత రాలేదు. "పీడా వదిలింది" అన్నాడు డగల్. నైరీ మాత్రం వాల్వు తిప్పే ముందు గేటు వైపు చూసేది.

చలికాలానికి ముందు చివరి ఆదివారం, నైరీ నీళ్లు వదిలేసరికి ఒకామె బల్ల దగ్గరికి వచ్చింది. పేరు షోనా అని చెప్పింది.

"కర్రతో ఒక పెద్దాయన వచ్చేవారు చూడండి. మా నాన్న. పోయిన వారం చనిపోయారు."

నైరీ చేతిలో స్పానరు ఆగింది.

"పేరైనా అడగలేదు నేను" అంది.

"ఫ్రేజర్. మీ గురించి చెప్పేవారు. చెమ్మ పోయేదాకా ఆవిడ చెయ్యి తియ్యదు, నాకిక బెంగ లేదు అనేవారు."

"ఆయనకు బెంగ ఏమిటి?"

"ఈవన్ ఉన్నన్నాళ్లూ ఆదివారం సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి 'ఆరింది' అనేవాడు. ఆ ఒక్క మాటే. ఫోన్లు ఆగిపోయాక నాన్న బస్సెక్కి ఇక్కడికి రావడం మొదలుపెట్టారు."

గరాజులోంచి ఈవన్ ఎవరికో ఫోన్ చేయడం నైరీ ఎరుగును. క్లబ్బు వాళ్లకే అనుకునేది.

ఆమె మూత విప్పి పక్కకు జరిగింది.

"పెట్టండి చెయ్యి" అంది.

షోనా అరచెయ్యి ఆనించింది. చాలాసేపు తీయలేదు.

"ఇది ఆరిందని ఈవన్ మీ నాన్నకెందుకు చెప్పాలి?" అంది నైరీ.

షోనా ఆమె ముఖంలోకి చూసింది.

"ఈవన్ మీకు చెప్పలేదా? చేతులు వణకడం మొదలయ్యాక నడపలేక ఈవన్‌కిచ్చేశారు గాని, దీన్ని చేసింది నాన్నే."