ఇంద్రజాల శాఖ, నాలుగో భాగం

"ఏంటమ్మా ఇది? ఆఫీసులో కథల పుస్తకాలా?"

సూపరింటెండెంటు మధుసూదనరావు ఫైలు చాటునున్న పుస్తకాన్ని లాగేసుకున్నాడు. జూనియర్ అసిస్టెంటు హెప్సిబా గతుక్కుమంది. ఆమె ప్రొబేషను పూర్తి కావడానికి ఇంకా రెండు నెలలుంది.

"లంచ్‌లో మొదలుపెట్టానండి. ఆపలేకపోయాను సార్."

"అంతగా ఏముంది ఇందులో?"

"మాంత్రికుల రాజ్యం సార్. అక్కడ మంత్రాలకి కూడా గవర్నమెంటు ఆఫీసే! శాపం పెట్టాలంటే మూడు కాపీల్లో అర్జీ ఇవ్వాలి. శాప విమోచనం వేరే సెక్షను. ఆ గుమాస్తా ఎప్పుడూ సెలవే." చెబుతుంటేనే ఆమె కళ్ళు మెరిశాయి. "ఎలా రాశాడో సార్, చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తోంది!"

"మెమో ఇస్తా. సంజాయిషీ రాయి."

మెమోలో రాయడానికి ‘ఇంద్రజాల శాఖ, నాలుగో భాగం’ అన్న పుస్తకం పేరు చూసి ఆయన ఒక పేజీ తిప్పాడు. తర్వాత ఇంకొకటి.

టీ చల్లారిపోయింది. కాసేపటికి ఆయన సీట్లోంచి పెద్ద నవ్వు వినిపించింది. ఆయన నవ్వడం ఆ ఆఫీసులో ఎవరూ ఎరగరు. అందరూ తలలెత్తారు.

"మేఘానికి ఎన్‌వోసీ లేదని వానని చెక్‌పోస్టు దగ్గర ఆపేశారంట!"

కళ్ళు తుడుచుకుంటూ పైకి చదవసాగాడు. సెక్షనంతా ఆయన చుట్టూ చేరింది. తన మంత్రానికి తానే మాయమైపోయిన ఒక మాంత్రికుడు, మళ్ళీ కనపడేలా చేయమని ఆఫీసుకొచ్చాడు. గుమాస్తా తల కూడా ఎత్తలేదు. "నువ్వు కనపడుతున్నట్టు కాగితం తీసుకురా, అప్పుడు చూద్దాం" అన్నాడు.

మధుసూదనరావు చదవడం ఆపేశాడు.

"ఇది నా మాటే" అన్నాడు మెల్లగా.

వరండా బల్ల మీద వినగడప హనుమాయమ్మ కూర్చుని ఉంది. కంప్యూటర్లో ఆమె చనిపోయినట్టు పడింది. రెండేళ్ళుగా ప్రతి సోమవారం షేర్ ఆటోలో వస్తోంది. బతికున్నట్టు కాగితం తెమ్మని ఆమెతో అన్నది ఆయనే.

ఆయన హెప్సిబా వైపు తిరిగాడు. "నిజం చెప్పు. ఇది నువ్వే రాశావు కదూ?"

"నాకంత విద్య ఎక్కడిది సార్! మొదటి భాగం వచ్చేనాటికి నేను ఉద్యోగంలోనే చేరలేదు. ‘మాంత్రికుడు’ అనేది కలం పేరు. ఆయనెవరో ఎవరికీ తెలీదు."

మధుసూదనరావు అటకెక్కిన హనుమాయమ్మ ఫైలు దింపించాడు. పై అధికారి సంతకానికి తానే వెళ్ళాడు. అరగంటలో పని పూర్తయింది. రెండేళ్ళలో కదలని కాగితం అలా కదలడం చూసి హెప్సిబా ఆ పుస్తకం వైపు చూసింది. ఒక పుస్తకం మనిషిని బతికించింది!

ఆయన వరండాలోకి నడిచి, రెండు చేతులతో కాగితం అందించాడు. "ఇక మీరు బతికున్నట్టేనండి హనుమాయమ్మగారూ. నన్ను క్షమించండి."

ఆమె దాన్ని రెండుసార్లు చదువుకుంది. కళ్ళు చెమర్చాయి. అంతలోనే ముఖం చిన్నబోయింది.

"ఇంకా ఏమైనా తప్పు పడిందా మామ్మగారూ?" హెప్సిబా కంగారుగా అడిగింది.

"లేదు తల్లీ. ఇక ఈ ఆఫీసుకి వచ్చే పని లేదు కదా, మరి అయిదో భాగం ఎక్కడ కూర్చుని రాయాలా అని ఆలోచిస్తున్నా."