తొమ్మిదీ పది దాకా

“మూడూ లేచినయి గదా అంకుల్, నాలుగోది ఇంకా ఎందుకు ఆపిన్రు?”

“అది బద్ధకపుదమ్మా. తొందరపెడితే అలుగుతది.”

“అలగనీకి అదేమన్న కొత్తల్లుడా!” మాహిరా నవ్వింది.

హుస్సేనీ ఆలంలోని ఆ కంటి ఆసుపత్రిలో రోజూ పొద్దున్నే కంప్యూటర్ సర్వీసులన్నీ ఆపి మళ్ళీ లేపడం డానియేలు పని. ముందు డేటాబేస్ లేవాలి. దాన్ని నమ్ముకుని రోగుల వివరాలు, వాటిని నమ్ముకుని టోకెన్లు, అన్నిటికన్నా చివర గేటు దగ్గరి హాజరు మిషన్. ఎనిమిదీ యాభైకల్లా మూడూ లేస్తాయి. నాలుగోదాన్ని మాత్రం ఆయన తొమ్మిదీ పది దాకా ముట్టుకోడు. అందాకా వచ్చినవాళ్ళు గేటు దగ్గర పుస్తకంలో, టైం రాయకుండా, సంతకం పెట్టి లోపలికి వస్తారు.

తొమ్మిదీ పది అయింది. మిషన్ లేచింది. కాసేపటికి ఊడ్చే షౌకత్ బీ చాయ్ తెచ్చింది.

“మనవరాలు ఏడ్వకుంట బడికి పోయిందా?” డానియేలు అడిగాడు.

“ఇయ్యాల నవ్వుకుంట పోయింది సాబ్.”

డానియేలుకు ఉద్యోగంలో అదే ఆఖరి రోజు. రేపటి నుంచి ఈ పనంతా మాహిరా రాసిన ప్రోగ్రాం చేయాలి. తొమ్మిదిలోపు నాలుగూ లేస్తే ఆమె ఉద్యోగం పర్మనెంట్ అని మేనేజర్ ప్రేమ్‌రాజ్ మాటిచ్చాడు. మాట తప్పడు గానీ కటువు మనిషి. మే నెలలో తొమ్మిది దాటి వచ్చి మూడేసి లేట్లు పడ్డాయని ఇద్దరిని తీసేశాడు.

ఏది ఎప్పుడు లేచిందో చూపే పాత లాగ్‌లు మాహిరా తిరగేసింది. ఈ ఆగడం జూన్ మధ్యలో మొదలైంది. వానలకు తేమ పట్టిందా? వైరింగ్ మారిందా? నాలుగింటినీ వెంటవెంటనే లేపి చూసింది. రెండు నిమిషాల్లో చక్కగా లేచాయి.

“దీనికి ఏ రోగం లేదంకుల్. ఆగుడు తీసేస్తున్న.”

“ఇగ నీ ఇష్టం బిడ్డా,” అని డానియేలు తన కప్పు తానే కడుక్కుని సంచిలో పెట్టుకున్నాడు.

సాయంత్రం మిషన్ తీగలు చూద్దామని మాహిరా గేటు దగ్గరికి వెళ్ళింది. అక్కడున్న సంతకాల పుస్తకం ఊరికే తెరిచింది. జూన్ నుంచి ఒక్కో పేజీ తిప్పింది; ప్రతి పేజీలో ఆఖరి సంతకం ఒకరిదే. పైకి వచ్చి, తీసేసిన ఇరవై నిమిషాల ఆగుడును ప్రోగ్రాంలో మళ్ళీ రాసింది.

మర్నాడు ప్రేమ్‌రాజ్ గడియారం చూసుకుంటూ వచ్చాడు.

“తొమ్మిదీ ఎనిమిది! మిషన్ ఇంకా లేవలేదేంది?”

“అది బద్ధకపుది సార్. తొందరపెడితే అలుగుతది.”

“అయితే నీ పర్మనెంట్ సంగతి కూడా వచ్చే ఏడు చూద్దాం.”

మాహిరా కిటికీలోంచి కిందికి చూసింది. షౌకత్ బీ ఒగరుస్తూ వచ్చి, పుస్తకంలో ఆ పూటకు ఆఖరి సంతకం పెడుతోంది.

ఆమె మనవరాలి బడి గేటు తొమ్మిదికి గానీ తెరవరు.