తీగల ఎత్తు

ఆదివారం పొద్దున్నే ఆవకాయ సీసా మూత దగ్గర గొడవ మొదలైంది.

"ఇంత గట్టిగా ఎవరు బిగించినారు?" అన్నాడు సింహాచలం.

బిగించింది కోడలు నీలవేణి. వదులుగా పెడితే చీమలు పడతాయని ఆమె వాదన. ఈ ఇంట్లో ఎవరెవరున్నారో చూసుకుని బిగించాలని ఆయన వాదన. నీలవేణి మూత తీసి సీసా ఆయన ముందు పెట్టింది.

"చీమలకున్న విలువ నాకు లేదు," అన్నాడు ఇడ్లీ తుంచుకుంటూ.

ఆయన మెచ్చిన వస్తువు ఆ ఇంట్లో లేదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మెచ్చిన మనిషీ లేడు. ఒకప్పుడు, బోగీలు జతచేసే షంటింగు పనిలో ఉన్న రోజుల్లో, రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగువాళ్ళ ఆర్కెస్ట్రాకి గిటారంటే సింహాచలమే. ఇప్పుడా గిటారు ముందుగది గోడకి వేలాడుతోంది, తీగలు తుప్పు పట్టి. ఎందుకు మానేశాడో ఎవరూ అడగరు. అడక్కపోయినా ఆయనే చెబుతాడు, చెవులున్నవాళ్ళు ఊళ్ళో మిగల్లేదని.

ఆయన నోటికి ఈ మధ్య కొత్త మేత దొరికింది. కొడుకు పైడిరాజు వెనక వరండాలో గిటారు తయారుచేస్తున్నాడు. పైడిరాజు బోద్రీ కోర్టులో గుమాస్తా. ఉలి పట్టడం ఫోన్లో చూసి నేర్చుకున్నాడు. వినాయక చవితి పందిట్లో ఆ గిటారు మోగిద్దామని ఆర్కెస్ట్రా నడిపే బంగార్రాజు మాటిచ్చాడట. అది విన్న రోజే సింహాచలం హెచ్చరించాడు.

"నేను వాయించిన పందిట్లో ఆ డొక్కు మోగితే పోయేది నా పరువు. ఆదివారం భోజనాల దగ్గర చెప్తాను. నచ్చితే ఇంట్లో ఉంటాది, లేకపోతే పాతసామాన్ల కబాడీవాడి బండిలో ఉంటాది."

పైడిరాజు సరే అన్నాడు. ఎండల్లో మొదలుపెట్టిన పని. వానలొచ్చాయి, ఇంకా చేస్తూనే ఉన్నాడు. దానికి 'సరే' ఒక్కటేనా జవాబు? మావగారి నోరు, మొగుడి మౌనం, ఈ రెండింట్లో ఏది ఎక్కువ రోతో నీలవేణి ఇప్పటికీ తేల్చుకోలేదు.

టిఫిన్ అయ్యాక సింహాచలం కుర్చీ వరండాలోకి వేయించుకున్నాడు. తువ్వాలు ఎడమ భుజం మీంచి ఒళ్ళోకి జారవిడుచుకుని, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసరులా కూర్చున్నాడు.

ముందు చెక్క. పాత బోగీ బెర్తు తాలూకు టేకు పలక ఇంట్లో ఉండగా ప్లైవుడ్డు ఎందుకన్నాడు. ఈ రకం గిటారులో పాడేది చెక్క కాదనీ, లోపల బోర్లించిన పలచటి అల్యూమినియం గిన్నె అనీ, చెక్క అదరకుండా నిలబడితే చాలనీ పైడిరాజు చెప్పాడు.

"అచ్ఛా. చెక్క నోరు మూసుకుంటాది, గిన్నె పాడతాది. అలాగైతే వంటింట్లోకి పోయి కూకో."

తీగల అదురును గిన్నె మీదికి దింపడానికి ఎనిమిది కాళ్ళ చట్రం ఒకటి పెట్టాడు. అచ్చం సాలీడులా ఉంది.

"పాత గిటార్లకి సాలీళ్ళు పడతాయిరా. నువ్వు కొత్తదానికే పెట్టినావు."

నీలవేణికి నవ్వొచ్చింది. నవ్వినందుకు తనమీద తనకే చిరాకేసింది.

అరచేతిలో గుండ్రంగా ఇమడాల్సిన మెడ, నాలుగు పలకలుగా, గుమ్మం కమ్మీలా ఉంది. ఇంక తీగలు. సింహాచలం వంగి, ఒక కన్ను మూసి, పట్టాల వంపు చూసినట్టు చూశాడు.

"వీటి కిందనుంచి బిల్హా లోకల్ బండి పోతాది. ఇంత ఎత్తున్న తీగ నొక్కడం ఎవడి తరం?"

"నొక్కక్కర్లేదు నాన్నా. పైన కడ్డీ జారిస్తే చాలు."

"నొక్కక్కర్లేని తీగలు, పట్టు దొరకని మెడ. ఎవడికిరా ఇది?"

పైడిరాజు జేబులోంచి నున్నటి ఉక్కు కడ్డీ తీసి గిటారు పక్కన పెట్టాడు. దానికో తోలుపట్టీ, బిగించుకోవడానికి బకిలు ఉన్నాయి.

"ఇదేటి, కుక్క మెడకా?"

పైడిరాజు లేచి, స్కూటరు తీసుకుని బజారుకి పోయాడు. చెప్పాల్సిన చోట నోరు విప్పని మనిషి ఇన్ని నెలలు ఉలి పట్టి ఏం లాభం అనుకుంటూ నీలవేణి కత్తిపీట ముందు కూర్చుంది.

వంకాయలు తరుగుతుంటే వరండాలోంచి ఒక శబ్దం వచ్చింది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతులాంటిది. కిందనుంచి పైకి సాగి, అక్కడ కాసేపు వణికి, ఆగిపోయింది. అవతల గూడ్సు బండి పోతూనే ఉంది. అయినా వినిపించింది.

ఆమె వచ్చి చూసింది. మావగారు గోడవైపు తిరిగి తువ్వాలు సర్దుకుంటున్నాడు. గిటారు ఇందాకటి చోట లేదు, బల్ల చివరికి జరిగింది. కడ్డీ కనబడలేదు. విసిరేశాడనుకుంది.

"మూడో తీగ శ్రుతిలో లేదు. మీ ఆయనకి చెవులు కూడా లేవు," అన్నాడు.

మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. నీలవేణి ఆవకాయ సీసా మూత ఈసారి వదులుగా పెట్టి ఆయన ముందుకు జరిపింది. వీధి మొదట్లో కబాడీవాడి కేక వినిపించింది. పైడిరాజు కంచంలో అన్నం అలాగే ఉంది.

"ప్లైవుడ్డు దరిద్రంగా ఉంది. మెడ అంతకన్నా దరిద్రం," అన్నాడు సింహాచలం, కుడిచేత్తో అన్నం కలుపుకుంటూ.

కబాడీవాడి బండి గుమ్మం ముందుకొచ్చి ఆగింది. నీలవేణి మొగుడివైపు చూసింది. అతను తల ఎత్తలేదు.

"వాణ్ణి పొమ్మను. పందిట్లో చేతుల్లేని కుర్చీ వెయ్యమని బంగార్రాజుకి చెప్పు, గిటారు ఒళ్ళో అడ్డంగా పట్టాలి కదా," అంటూ సింహాచలం తువ్వాలు కిందనుంచి ఎడమచెయ్యి బయటికి తీసి, ఉక్కు కడ్డీని పట్టీతో బిగించుకున్న ఆ అరచేతిని, షంటింగులో నాలుగు వేళ్ళూ పోయాక మొట్టమొదటిసారి, అందరి ముందూ కంచం పక్కన పెట్టాడు.