హీరో మాటలు

నవలా రచయిత్రి కుడిచెయ్యి ఇంకా బల్లసొరుగులో ఉండగానే, భర్త ఆ సొరుగుని కాలితో తన్ని మూశాడు.

కేక విని కూతురు పరుగెత్తుకొచ్చేసరికి అతను మోకాళ్ల మీద కూర్చుని ఏడుస్తున్నాడు. "ఈ చేతికి నొప్పెడితే నా ప్రాణం పోతుందే బంగారం!" అని, కట్టు తేవడానికి మందుల షాపుకి వెళ్లాడు.

"ఆస్పత్రికి పోదాం పదమ్మా!"

"ముందు రాసుకో. సాయంత్రానికి పత్రికకి సీరియల్ ఆఖరి భాగం పంపాలి." తల్లి విరిగిన వేళ్లకి తడిగుడ్డ చుట్టుకుంది. "హీరో మోకాళ్ల మీద కూర్చున్నాడు. 'ఈ చేతికి నొప్పెడితే నా ప్రాణం పోతుంది బంగారం' అన్నాడు."

కూతురి కలం ఆగింది. "అమ్మా, ఇది నాన్న ఇందాక అన్న మాట."



అల్మరాలో తల్లి రాసిన పాతిక నవలలున్నాయి. పాఠకురాళ్లు ఉత్తరాల్లో ఎత్తిరాసి మురిసిపోయే హీరో మాటలన్నీ కూతురికి కంఠతా వచ్చు.

"మరి 'నువ్వు నవ్వకపోతే నాకు తెల్లారదు' ఎప్పటిది?"

"పన్ను ఊడినప్పటిది."

"'నీ అడుగుల చప్పుడే నా ఊపిరి'?"

"మెట్ల మీంచి తోసినప్పటిది."

వీధి గేటు చప్పుడైంది.

ప్రతి నవలలోనూ హీరోయిన్ క్షమించేస్తుందని తెలిసినా కూతురు అడిగింది. "ఇప్పుడు హీరోయిన్ ఏమంటుంది?"

"ఏమీ అనదు. లేచి వెళ్లి గడియ పెడుతుంది."

కూతురు ముందు గడియ పెట్టి వచ్చింది. తర్వాతే రాసింది.

తలుపు మీద తన్ను పడింది. ఇంకొకటి పడింది. ఆ తర్వాత అతని గొంతు తీయగా వినిపించింది. "తియ్యవే బంగారం, నువ్వు లేకపోతే నేను లేను."

"అది రాయకు," అంది తల్లి.