ఐదు లక్షల మర్యాద

కుళాయి నీళ్ళలో పురుగులొస్తున్నాయని సుభాషిణి పొద్దున్నే బ్లాగులో రాసింది. తెరమీదికి వచ్చేసరికి అది "మా కుళాయి నీళ్ళు ప్రాణంతో కళకళలాడుతున్నాయి" అయి కూర్చుంది. మునిసిపాలిటీవాళ్ళు మురిసిపోయి కృతజ్ఞతలు కూడా పంపారు.

ఫిర్యాదు చెయ్యాలన్నా సాయం అడగాలన్నా ఊళ్ళో ఇప్పుడు బ్లాగులోనే. చదివేవాళ్ళ మనసు నొప్పించకుండా రాతని మెత్తబరిచే ప్రోగ్రాం చేసినవాళ్ళకి ఐదు లక్షలిస్తామని ఆమధ్య బ్లాగు కంపెనీ ప్రకటించింది. ఆ డబ్బు గెలుచుకున్నవాడు సుభాషిణి ఉండే బిల్డింగులోనే మూడో అంతస్తులో ఉండే ఫణీంద్ర.

సుభాషిణి మెట్లెక్కి వెళ్ళి అతని తలుపు బాదింది.

"మీకు బహుమతి రావడానికి నా నోరు కుట్టేస్తారా?"

"కుట్టలేదండీ, కాస్త తేనె పూశాను," అన్నాడు ఫణీంద్ర, గెలిచిన షీల్డు తుడుచుకుంటూ. "ఊళ్ళో పోట్లాటలు సగానికి సగం తగ్గాయి. ఒక్క మీకే నచ్చలేదు."

"మీ ఇంట్లోనూ ఆ నీళ్ళే తాగుతున్నారు. గుర్తుపెట్టుకోండి," అని ఆమె దిగిపోయింది.

నాలుగో రోజు ఆమె ఫోనులో ఫణీంద్ర బ్లాగు కనబడింది. "మా పాపకి కడుపు పూర్తిగా తేలికపడింది. నిన్నట్నుంచీ కళ్ళు తెరవకుండా హాయిగా పడుకుంది. ఎవరైనా మా ఇంటికి వస్తే సంతోషిస్తాం."

కింద అప్పటికే రెండొందల అభినందనలున్నాయి. వచ్చినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

సుభాషిణి చెంబుడు కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పూ పంచదారా కలిపింది. ఆ చెంబు పట్టుకుని, ఫణీంద్రనీ అతని ఏడుతరాలనీ నోరారా తిడుతూ మెట్లెక్కింది. మూడంతస్తులెక్కినా ఒక్క తిట్టూ మెత్తబడలేదు.