గోడలో మేకు

గోడలకు గ్రాఫీన్ పొరలు అతికించి, వాటిలోంచే కరెంటు పంపడం మొదలయ్యాక ఇళ్ళలో తీగలు పోయాయి. గోడకు మేకు కొట్టకూడదన్న నియమం మాత్రం వచ్చింది. కాకినాడలో లెక్కల మాస్టారుగా రిటైరైన కామేశం గారు, భార్య ఊళ్ళో లేని రోజు చూసి ఒక మేకు కొట్టారు. అప్పటినుంచి వంటింట్లో గ్రైండరు మూలగడం మొదలుపెట్టింది.

“పిండి రుబ్బుతోందా, ఏడుస్తోందా?” అంటూ తిరిగొచ్చిన అనసూయ, పొరలు బాగుచేసే నూకరత్నాన్ని పిలిపించింది.

నూకరత్నం గోడ వెంట మీటరు జరుపుకుంటూ వెళ్ళి, హాల్లో పుస్తకాల బీరువా దగ్గర ఆగింది.

“దీనెనకాల పొరలు చిరిగాయమ్మగారూ. కరెంటు ఆ చిల్లు తప్పించుకుని చుట్టూ తిరిగెళ్తోంది. వంటింటికి సరిగ్గా అందట్లేదు.”

“పాత గోడ కదా, చిరిగుంటుంది,” అన్నారు మాస్టారు చెమట తుడుచుకుంటూ.

“ఈ బీరువా ఇక్కడికెప్పుడొచ్చిందండీ?” అంది అనసూయ.

ఆడవాళ్ళిద్దరూ బీరువా జరిపారు. వెనక, మేకుకు, ఫ్రేము కట్టిన ఫోటో. అరవై రెండేళ్ళ వయసులో ఈత పోటీ గెలిచి, తడి జుట్టుతో పతకం పట్టుకుని నవ్వుతున్న అనసూయ.

“నీ పుట్టినరోజుకి చూపిద్దామనీ...” నసిగారు మాస్టారు.

“మేకు పీకేస్తే గంటలో అతుకేసేత్తానమ్మగారూ,” అంది నూకరత్నం.

అనసూయ కొంగుతో ఫోటో తుడిచి, మేకుకు సరిగ్గా నిలబెట్టింది.

“ఉండనీవే. బాల్కనీలో రోలుంది. పిండి ఈయన రుబ్బుతారు.”

మర్నాడు పొద్దున్నే మాస్టారు రోలు ముందు కూర్చున్నారు. పలకరించిన పక్కింటాయనకు, డాక్టరు వ్యాయామం చెయ్యమన్నాడని చెప్పారు.